కర్ణాటకలో సారా నిషేధం: సారా పోయిందా, సీసా మారిందా?

మల్లేశ్వరం మనవడు:
2007 జులై 1న కర్ణాటకలో సారా ఆపేశారు. ఏడాది తిరగకముందే, 2008 మేలో, బెంగళూరు శివార్లలోనూ కోలారు, కృష్ణగిరి వైపునా కల్తీ సారా తాగి 150 మందికి పైగా పోయారు. నిషేధం లేకపోతే వాళ్లు ప్రభుత్వ ముద్ర ఉన్న ప్యాకెట్టే తాగి ఉండేవారు. ఇందులో వాదించడానికి ఏముంది?

కృష్ణరాజపురం పావని:
వాదించడానికి 1981 ఉంది. ఆ జులైలో ఇదే బెంగళూరులో మిథనాల్ అనే విషపు స్పిరిట్ కలిసిన సారాకు 300 మందికి పైగా బలయ్యారు. అప్పుడు సారా దుకాణాలు బార్లా తెరిచే ఉన్నాయి కదా! చంపింది నిషేధం కాదు, మిథనాల్.

తుమ్మచెక్క:
అసలైన నాటుసారా అంటే బెల్లం, తుమ్మచెక్క ఊరబెట్టి కాచేది. మీరిద్దరూ మాట్లాడుతున్నది సారాయే కాదు.

మల్లేశ్వరం మనవడు:
తుమ్మచెక్క గారూ, దారి తప్పించకండి. పావని గారూ, ప్యాకెట్ సారా దేనితో చేసేవారు? చెరకు మడ్డితో. మన చవక విస్కీలో ఎక్కువ భాగం ఏమిటి? అదే మడ్డి స్పిరిట్, పైన రంగు, వాసన. బార్లీతో కాచే మాల్ట్ విస్కీ వేరు. మన ఊరి విస్కీ కంపెనీ అమృత్ 2004లో దాన్ని విస్కీకి పేరుపడ్డ స్కాట్లాండ్‌లోని గ్లాస్గోకే పట్టుకెళ్లింది. కూలివాడికి అది అందుతుందా? అతని గ్లాసులో పాత మడ్డే, ధర మాత్రం కొత్తది.

కృష్ణరాజపురం పావని:
పోయిన వారం బార్ల చర్చలోనూ మీది ఇదే మడ్డి. మా వీధి చివర పొద్దున ఆరింటికే తెరిచే సారా దుకాణం మూతపడింది. నాకు అది చాలు.

హెబ్బాళ్ బాబాయి:
అక్కడ వైన్ షాపు వచ్చిందా, లేదా?

కృష్ణరాజపురం పావని:
వచ్చింది. పదింటికి తెరిచేవారు. ఆ నాలుగు గంటల్లో నాన్న జేబులోంచి మా అమ్మ బియ్యం డబ్బు తీసి దాచేసేది. మడ్డి లెక్కలు వేసేవారికి ఈ నాలుగు గంటలు కనపడవు.

మల్లేశ్వరం మనవడు:
ఆ దుకాణాల మీద బతికినవాళ్లూ మీకు కనపడరు. మా నాన్న సారా కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసేవారు. చుక్క ముట్టని మనిషి. జులై 1 తర్వాత ఆయనను ఎవరూ పనిలోకి పిలవలేదు. ఏడాదిపాటు మా బడి ఫీజులు మేనమామ కట్టాడు.

కృష్ణరాజపురం పావని:
ఇదా సంగతి! చనిపోయినవాళ్లను అడ్డం పెట్టుకోకుండా ఈ మాట ముందే చెప్పవలసింది. మీ నాన్నగారు రాసిన పుస్తకంలో మా నాన్న అప్పు కూడా ఉండే ఉంటుంది.

మల్లేశ్వరం మనవడు:
ఏ పేట దుకాణమండీ?

కృష్ణరాజపురం పావని:
మీకు చెప్పను.