స్పౌజ్ వీసాకి ఇంగ్లిష్ పరీక్ష: 6 బ్యాండ్లు నిజంగా కావాలా?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి):
మా ఆయన ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటారు, ఐఎల్ఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంది. ఫిబ్రవరిలో మా పెళ్లయింది. నేను డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఇక్కడ ఒక కోచింగ్ సెంటర్‌లో అడిగితే ఐఈఎల్‌టీఎస్‌లో 6 బ్యాండ్లు రావాలి, మూడు నెలలకు 18 వేలు అన్నారు. చదివితే అర్థమవుతుంది కానీ నోరు తెరిస్తే మాట రాదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఎవరైనా చెప్పండి.

జవాబు 1:
మాది మహబూబ్‌నగర్. నా భార్య 2023లో వచ్చింది, ఏ పరీక్షా అడగలేదు. టెన్షన్ పడకండి.

జవాబు 2:
అన్నా, మీది వర్క్ వీసా, ఆమె డిపెండెంట్‌గా వచ్చి ఉంటుంది. ఈ చెల్లెలి సంగతి వేరు. ఐఎల్ఆర్ గానీ బ్రిటిష్ పౌరసత్వం గానీ ఉన్నవాళ్ల భార్యకైనా భర్తకైనా 2010 నవంబర్ నుంచి పరీక్ష ఉంది.

చెల్లీ, ఆ 18 వేలు కట్టకు. నల్గొండలో నేనూ అట్లనే కట్టి రెండు నెలలు వ్యాసాలు రాశాను. మన వీసాకి రాతపరీక్షే లేదు! మాట్లాడాలి, వినాలి, అంతే. ఐఈఎల్‌టీఎస్ లైఫ్ స్కిల్స్ ఏ1 అని అడుగు, ఏ1 అంటే అన్నిటికన్నా కింది స్థాయి. బ్యాండ్లుండవు, పాస్ లేదా ఫెయిల్. మామూలు ఐఈఎల్‌టీఎస్ బుక్ చేస్తే మాత్రం వీసాకి చెల్లదు, డబ్బు పోతుంది.

ఇద్దరిని కలిపి కూర్చోబెడతారు, 16 నుంచి 18 నిమిషాలు. నా పక్కనామెకీ చేతులు వణుకుతున్నాయి, అది చూశాకే నాకు ధైర్యమొచ్చింది. పేరు చెప్పి స్పెల్లింగ్ చెప్పమన్నారు. జీ, జే దగ్గర తడబడ్డాను, నువ్వు అది బాగా పలికి చూసుకో. తర్వాత ప్రయాణాల గురించి మాట్లాడమంటే దేవరకొండ బస్సులో కాలేజీకి పోయిన రోజులు చెప్పాను. ఆమె ప్రశ్నలడిగింది, నేను ఆమెను అడిగాను. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగొచ్చు, తప్పేం లేదు. నేను రెండుసార్లు అడిగాను, పాసయ్యాను.

రోజూ వంట చేసేటప్పుడు మీ ఆయనతో ఫోన్‌లో ఇంగ్లిష్‌లోనే మాట్లాడు. తప్పులొస్తే రానీ. సర్టిఫికెట్ రెండేళ్లు పనికొస్తుంది. అక్కడికెళ్లాక రెండున్నరేళ్లకు వీసా పొడిగించేటప్పుడు దాని పై స్థాయి ఏ2 ఉంటుంది, అప్పటికి నీకే వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, ఏడుపొచ్చింది చదువుతుంటే. పాస్‌పోర్టులో పుట్టింటి పేరే ఉంది. బుకింగ్ కూడా ఆ పేరుతోనే చేయాలా?

జవాబు 2:
అవును, పాస్‌పోర్టులో ఎట్లుంటే అట్లనే, ఒక్క అక్షరం మారొద్దు. పరీక్ష రోజు అదే పాస్‌పోర్టు తీసుకెళ్లు.