సూపర్‌కొలైడర్: సర్వర్ బూట్ కావట్లేదు, శాంపుల్ రేటు తేడా అంటోంది

ప్రశ్న:
మ్యాక్‌లో సూపర్‌కొలైడర్ 3.13 (కోడ్ రాసి శబ్దాలు, సంగీతం పుట్టించే సాఫ్ట్‌వేర్) వాడుతున్నాను. అవుట్‌పుట్ యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, ఇన్‌పుట్ బ్లూటూత్ హెడ్‌సెట్ మైకు. దాని సర్వర్‌కి బూట్ కొట్టగానే, మెసేజ్‌లు కనిపించే పోస్ట్ విండోలో ఇన్‌పుట్ శాంపుల్ రేటు (సెకనుకి ఎన్ని శాంపుళ్లు అనేది) 16000, అవుట్‌పుట్ రేటు 48000, రెండూ కలవట్లేదని వచ్చి ఆగిపోతోంది. ఆప్షన్స్‌లో శాంపుల్ రేటు 48000 పెట్టినా అదే ఎర్రర్. హెడ్‌సెట్ ఆపేస్తే బూట్ అయింది గానీ, మధ్యలో ఎడిటర్ బిగుసుకుపోతే ఫోర్స్ క్విట్ చేశాను. అప్పట్నుంచి పోర్టుకి బైండ్ కాలేదని ఇంకో ఎర్రర్. రెండూ ఒకటేనా?

జవాబు 1:
కాదండీ, వేర్వేరు. ముందు పోర్టు సంగతి. మీరు కోడ్ రాసే ఎస్‌సీలాంగ్ వేరు, శబ్దం పుట్టించే ఎస్‌సీసింత్ వేరు, సర్వర్ అంటే ఈ రెండోదే. మొదటిది రెండోదానికి యూడీపీ (ఒక నెట్‌వర్క్ పద్ధతి) 57110 పోర్టు మీద ఓఎస్‌సీ (సంగీత సాఫ్ట్‌వేర్లు మాట్లాడుకునే పద్ధతి) మెసేజ్‌లు పంపుతుంది. ఎడిటర్ పోయినా పాత ఎస్‌సీసింత్ ఆ పోర్టు పట్టుకునే ఉంది. సర్వర్ మెనూలో కిల్ ఆల్ సర్వర్స్ నొక్కండి. అప్పటికీ పోకపోతే యాక్టివిటీ మానిటర్‌లో వెతికి ఆపేయండి. పోర్టు నంబరు మార్చి తప్పించుకోవద్దు, పాతది వెనకాల నడుస్తూనే ఉంటుంది.

రేటు గొడవకి ఆప్షన్స్‌లో ఇన్‌పుట్ బస్ ఛానెళ్లు (బయటి శబ్దం సర్వర్‌లోకి వచ్చే దారులు) 0 చేస్తే చాలు. డిఫాల్ట్‌గా 2 ఉంటాయి కాబట్టి, మీకు మైకు అక్కర్లేకపోయినా సర్వర్ దాన్ని తెరవబోతుంది.

జవాబు 2:
పైదానికి ఒక చేర్పు. 48000 పెట్టినా ఎందుకు పనిచేయలేదంటే, మైకు తెరవగానే హెడ్‌సెట్ కాల్ మోడ్‌లోకి జారి 16000కి దిగిపోతుంది. ఆప్షన్ ఎంత చెప్పినా ఆ మైకు 48000 ఇవ్వలేదు. మైకు కావాలంటే ఇంటర్‌ఫేస్‌కే వైరు మైకు పెట్టి, డివైస్ ఆప్షన్‌లో ఇంటర్‌ఫేస్ పేరు ఇవ్వండి. డివైస్‌ల జాబితా ప్రింట్ చేయించి, పేరు అక్కడ ఉన్నది ఉన్నట్టుగా కాపీ చేయండి.

ఇంకోటి, ఆప్షన్లన్నీ సర్వర్ మొదలయ్యేటప్పుడే దానికి అందుతాయి. నడుస్తున్న సర్వర్‌కి మార్చి ఊరుకుంటే ఏమీ జరగదు, రీబూట్ చేయాల్సిందే. స్టార్టప్ ఫైల్‌లో రాసేస్తే ప్రతిసారీ బాధ ఉండదు.

ప్రశ్న వేసినవారు:
కిల్ ఆల్ సర్వర్స్, ఇన్‌పుట్ 0, రెండూ పనిచేశాయి. ధన్యవాదాలు. ఇప్పుడు 1 సెకను డిలేతో కాంబ్ ఫిల్టర్లు (శబ్దాన్ని ఆలస్యంగా మళ్లీ మళ్లీ వినిపించేవి) 40 పెడితే అలాక్ ఫెయిల్డ్, అంటే మెమరీ దొరకలేదు అంటోంది. ర్యామ్ బోలెడంత ఖాళీగా ఉంది.

జవాబు 3:
ఖాళీ ర్యామ్‌తో పని లేదండీ. ఆ ఫిల్టర్లలో శబ్దాన్ని ఆపి ఉంచే డిలే లైన్లు సర్వర్ ముందే పక్కన పెట్టుకున్న రియల్‌టైమ్ మెమరీలోంచి తీసుకుంటాయి, అది డిఫాల్ట్‌గా 8192 కిలోబైట్లే. 48000 రేటులో 1 సెకను అంటే 48000 శాంపుళ్లు, కానీ సర్వర్ దాన్ని ఆపైన వచ్చే 2 ఘాత సంఖ్యకి (2ని 2తోనే గుణిస్తూ పోతే వచ్చేది), అంటే 65536కి పెంచుతుంది. శాంపుల్‌కి 4 బైట్లు, వెరసి ఒక్కో ఫిల్టర్‌కి 256 కిలోబైట్లు. 32 ఫిల్టర్లకే మొత్తం సరిపోతుంది, సింత్‌లకి (సర్వర్‌లో నడిచే శబ్దాలకి) కూడా అందులోంచే కావాలి కాబట్టి అంతకంటే ముందే అయిపోతుంది.

ఆప్షన్స్‌లో మెమరీ సైజ్‌ని 65536 చేసి రీబూట్ చేయండి. లెక్క కిలోబైట్లలో, బైట్లనుకుని పెద్ద అంకె వేయకండి. గరిష్ఠ డిలే టైమ్ 1.3 సెకన్లున్నా ఖర్చు ఇంతే, 1.4 చేస్తే మాత్రం ఒక్కోటీ 512 కిలోబైట్లు అవుతుంది. బఫర్లలోకి (సర్వర్ ఆడియోని దాచుకునే చోట్లలోకి) ఎక్కించే ఆడియో ఫైళ్లు ఈ లెక్కలోకి రావు.