నూనె రాసిన 22 మంది పిల్లలూ బరువు పెరిగారు, అయినా గైడు ఒప్పుకోలేదు

పీజీ రెండో సంవత్సరం:
పిల్లల ఆసుపత్రిలో ఎండీ చేస్తున్నాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు కొబ్బరినూనె మర్దనా నా థీసిస్. 22 మందికీ బరువు పెరిగింది. నా గైడు మేడమ్ ఆ పేజీ మీద పెన్సిలుతో సున్నా చుట్టి, "నూనె రాయని పిల్లలు ఎంత పెరిగారు?" అని రాసి తిప్పి పంపారు. రాత్రింబవళ్లు పడ్డ కష్టం కళ్ల ముందే పోయినట్లుంది. గైడు ఇంత పట్టుబట్టడం అవసరమా?

నవజాత శిశు వైద్యుడు, విద్యార్థులకు గైడు:
అవసరమేనమ్మా. ఆ వయసు పిల్లలు పాలు సరిగా అరిగితే ఎలాగూ రోజుకు కిలోకు 15 గ్రాముల దాకా పెరుగుతారు. మీ నూనె వాటా ఎంతో ఎలా తెలుస్తుంది?

నా దగ్గర చేరిన ప్రతి విద్యార్థికీ మొదట సిల్వర్‌మన్ అనే అమెరికా పిల్లల డాక్టరు గారి సంగతి చెబుతాను. 1950ల తొలినాళ్లలో న్యూయార్క్ బేబీస్ హాస్పిటల్‌లో నెలలు నిండని పిల్లలకు చూపు పోతోంది. ఆయన ఏసీటీహెచ్ హార్మోను ఇచ్చారు, చాలామందికి చూపు నిలిచింది. అక్కడితో ఆగి ఉంటే ఊరంతా అదే మందు వాడేది. కానీ అదే నగరంలో మందు ఇవ్వని మరో ఆసుపత్రిలోనూ ఎక్కువమంది బాగానే ఉన్నారని గమనించి, రంగు గోళీలతో చీటీ తీసినట్లు పిల్లలను రెండు జట్లు చేశారు. మందు పడిన వాళ్లలోనే చూపు పోయినవారు ఎక్కువ! అసలు కారణం విచ్చలవిడిగా పెట్టిన ఆక్సిజన్ అని తర్వాత 18 ఆసుపత్రులు కలిసి చేసిన పరిశోధనలో తేలింది.

తన చేతి మందును తానే అనుమానించడం చాలా కష్టం. మీ మేడమ్ నేర్పుతున్నది అదే. అలాంటి గైడు దొరకడం అదృష్టం.

ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ) నర్సు:
డాక్టరమ్మా, బరువులు ఎవరు తూశారో కూడా చూడండి. కాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) కదలకుండా చేతికి కట్టే స్ప్లింటు, తడిసిన డైపరు తీయకుండా తూస్తే ఒక రోజు పెరుగుదలంత తేడా వస్తుంది. మా వార్డులో రోజూ ఒకే వేళకు, పాలకు ముందు, బట్టలు తీసేసి తూస్తాం.

పీజీ రెండో సంవత్సరం:
నిన్న పాత కేసు షీట్లు తీశాను. కొందరిని ఉదయం తూశారు, కొందరిని సాయంత్రం. పోల్చడానికి పనికిరావు. కొత్త ప్రోటోకాల్ (పరిశోధన ఎలా చేయాలో చెప్పే ప్రణాళిక) రాసి మళ్లీ అనుమతి కోసం ఎథిక్స్ కమిటీకి పెడతానని మేడమ్‌తో చెప్పాను. ఆవిడ కుర్చీ దగ్గరకు లాగి మొదటి పేజీ నాతో కూర్చుని రాయించారు.

ఒక్క పని మిగిలింది. "మీ బాబు నూనె వల్లే పెరిగాడు" అని ఒక తల్లికి నేనే చెప్పాను. ఈ వారం వాళ్లు ఓపీకి వస్తారు. ఆవిడతో మాట్లాడాలి.