పాత బంగళా గుర్రపుసాల: గోడ అడుగు పెచ్చులూడుతోంది, సిమెంటు పూయొచ్చా?

ప్రశ్న (కోవూరు)
పాత జమీందారీ బంగళా వెనక గుర్రపుసాల. ఇటుక గోడలు, సున్నపు పూత, పైన మద్రాసు మిద్దె (టేకు దూలాల మీద ఇటుకలు, సున్నంతో వేసిన కప్పు). తర్వాత చాన్నాళ్లు గొడ్లను కట్టేశారట. గోడ అడుగున నాలుగడుగుల దాకా పూత రాలి తెల్లపొడి పూస్తోంది. సిమెంటు పూస్తే చాలని మేస్త్రీ అంటున్నాడు. అసలిది గుర్రాలకే కట్టారా?

జవాబు 1
సిమెంటు వద్దండి. ఆ తెల్లపొడి ఉప్పు. నేలలో ఇంకిన మూత్రం సూక్ష్మజీవుల వల్ల నైట్రేటు అనే ఉప్పుగా మారి, చెమ్మతోపాటు గోడలోకి ఎక్కుతుంది. చెమ్మ ఆరినచోట గట్టిపడి పూతను బయటికి తోస్తుంది. సిమెంటు పూస్తే చెమ్మ బయటికి రాలేక ఇంకా పైకెక్కుతుంది, అప్పుడు ఇటుకే పిండైపోతుంది.
తడి గుర్తుకు ఇంకో అడుగు పైదాకా పూత కొట్టేయండి. సందుల్లో పొడిబారిన సున్నం అంగుళం లోతు గీకండి. ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి దూరంగా పారేయండి. నీళ్లతో కడిగితే మళ్లీ గోడలోకే పోతుంది. తర్వాత నానిన సున్నం ఒకపాలు, పెన్నా ఇసుక మూడుపాళ్లు. సముద్రపు ఇసుక ససేమిరా వద్దు. పొర అరంగుళం మించకుండా వేసి, తడి గోనెపట్టాలు కప్పి వారం పాటు ఆరనివ్వకండి. మొదటి పూత మిగిలిన ఉప్పును పీల్చుకుని కొన్నాళ్లకు రాలొచ్చు. దాని పని అదే, మళ్లీ పూయాలి.

జవాబు 2
అంతకన్నా ముందు బయటి నేల చూడండి. మట్టి పేరుకుని లోపలి నేలకన్నా ఎత్తైతే ఎన్ని పూతలేసినా దండగే. తవ్వి దించి, నీళ్లు గోడకు దూరంగా పోయేలా వాలు పెట్టండి. మన జిల్లాలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, సున్నం పని జనవరిలో మొదలుపెట్టండి.
మిద్దెలో టేకు దూలాలు గోడలో దిగే చివరలే ముందు కుళ్లేది. సన్న ఉలితో గుచ్చండి. మెత్తగా దిగితే ఆ దూలం కింద ఊత పెట్టాకే మిగతా పని.

జవాబు 3
గుర్రాలకా గొడ్లకా అన్నది మేత తొట్టి చెబుతుంది. గుర్రానికి తొట్టి రొమ్మెత్తున, సుమారు మూడున్నర అడుగులు. ఎద్దుల గాడి అంతకన్నా బాగా కింద. ద్వారం ఎనిమిదడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు ఉండి అంచులు గుండ్రంగా ఉంటే గుర్రాలకే, తుంటి తగిలి గాయం కాకుండా అలా కడతారు. ఘాటు గాలి పోవడానికి కిటికీలు తలపైన ఉంటాయి. పక్కన వెడల్పాటి తోరణముంటే బండి గది, చిన్న గది జీనులకు. గుర్రాలను కట్టే ఇనుప ఉంగరాలు పైన, గాడి మాత్రం కింద వేరే ఇటుకతో ఉందంటే గొడ్లకు తర్వాత మార్చారన్నమాట. పూత కొట్టేసేముందే వీటి ఫొటోలు తీసి కొలతలు రాసుకోండి, తొట్టి అతికిన గుర్తులు ఆ పూతలోనే ఉంటాయి.