మూడు వాయిదాల రూల్ గట్టిగా పెడితే కేసులు తెములుతాయా?

గోదారి_రైతు: మా నాన్న వేసిన పార్టిషన్ సూట్‌కి, అంటే ఆస్తి పంపకాల దావాకి, పదకొండేళ్ళు. మొన్న కూడా తెల్లారుజామునే లేచి రెండు బస్సులు మారి వెళ్తే అవతలి వకీలు వేరే కోర్టులో ఉన్నాడని వాయిదా. సివిల్ కేసులు నడిపే చట్టం సీపీసీ, దాని ఆర్డర్ 17లో ఒక పార్టీకి మూడుకి మించి ఇవ్వకూడదని 2002 నుంచి ఉంది కదా, మరి ఎలా ఇస్తున్నారు?

నల్లకోటు: ఆ మూడు విచారణ మొదలయ్యాకే లెక్క సార్. సమన్లు అందకపోవడం, మధ్యలో వేసే పిటిషన్లు (ఐఏలు), చనిపోయిన పార్టీ వారసుల్ని (ఎల్లార్లు) చేర్చడం అవన్నీ అందులోకి రావు. పైగా 2005 సేలం బార్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది, పార్టీ చేతిలో లేని కారణమైతే నాలుగోదీ ఇవ్వొచ్చని.

గోదారి_రైతు: ఆ తీర్పులో చెప్పిన ఉదాహరణలు భోపాల్ గ్యాసు, గుజరాత్ భూకంపం, సునామీ. వకీలు వేరే కోర్టులో ఉన్నాడన్నది కారణమే కాదని ఆర్డర్ 17లోనే రాసుంది, చదవండి.

సిద్దిపేట_పిల్లగాడు: ఈకోర్ట్స్ యాప్‌ల కేసుకిచ్చే సీఎన్ఆర్ నంబర్ కొట్టి చూస్కో అన్నా

గోదారి_రైతు: వాయిదా పడ్డాక చూపిస్తది తమ్ముడూ, బస్సెక్కకముందు కాదు.

నల్లకోటు: అసలు జడ్జిలేరీ? పది లక్షల మందికి 50 మంది ఉండాలని లా కమిషన్ 1987లోనే చెప్పింది, ఇప్పటికీ సగం కూడా లేరు. అయినా వాయిదాలన్నీ అవతలోళ్ళే అడిగారా? ఏ రోజు ఏం జరిగిందో కోర్టు రాసుకునే డాకెట్ కాపీ తీయించి చూడండి ముందు.

గోదారి_రైతు: తీయించా. తొమ్మిదిసార్లు మా వకీలే టైం అడిగాడు. ఒక్కసారీ మాకు చెప్పలేదు. మీరంతా కలిసి సర్దుకుంటారు, తిరిగేది మేము.

నల్లకోటు: మాట జారకండి. మా క్లయింట్ ఒకావిడ ఆపరేషన్ అయ్యి ఆస్పత్రిలో ఉంటే, ఇంక వాయిదా లేదని సాక్ష్యం క్లోజ్ చేశారు, ఇల్లు పోయింది. మీరు గట్టిగా పెట్టాలంటున్న రూల్ అలాంటోళ్ళ మీదే ముందు పడుద్ది, పెద్ద వకీళ్ళ మీద కాదు.

రిటైర్డ్_బెంచ్‌క్లర్క్: ఒకే రోజుకి అన్ని కేసులు పోస్ట్ చేస్తే ఎవరైనా ఏం చేస్తారు. జరిగేవాటికే డేట్ ఇవ్వాలి.

గోదారి_రైతు: నేనడిగేదీ అదే సార్. రేపే తీర్పు ఇమ్మనట్లేదు, ఫలానా రోజు జరుగుద్ది అంటే జరగాలి. నాన్నకి ఎనభై ఒకటి, అవతలి వకీలు ఆయన్ని ప్రశ్నలడిగే క్రాసే ఇంకా అవ్వలేదు.

నల్లకోటు: అది ముందే చెప్పాలి కదండీ. ఆర్డర్ 26 కింద పిటిషన్ వేయించండి, కమిషనర్ ఇంటికే వచ్చి సాక్ష్యం తీసుకుంటాడు.

గోదారి_రైతు: వేయిస్తా సార్. ఆ పిటిషన్‌కి ఎన్ని వాయిదాలు పడతాయి?