హలాఖా పాటిస్తే సరిపోతుందా, నీతి విడిగా ఉండాలా?

ప్రశ్న:
యూదుల ధర్మశాస్త్రం హలాఖా గురించి చదువుతున్నాను. ఏం తినాలి, శనివారం ఏ పనులు మానాలి, కూలి ఎప్పుడు చెల్లించాలి, అన్నిటికీ నియమం ఉంది. అయితే ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తూనే ఒకడు దుర్మార్గుడిగా బతకొచ్చు కదా? నీతి ఆ శాస్త్రం లోపలే ఉందా, బయటి నుంచి రావాలా? దీని గురించి వాళ్ల పండితులు ఏమన్నారు?

జవాబు 1:
బతకొచ్చని వాళ్లే ఒప్పుకున్నారండి. 13వ శతాబ్దపు యూదు పండితుడు నహ్మనిడీస్, లేవీయకాండం 19వ అధ్యాయానికి రాసిన వ్యాఖ్యానంలో, తోరా, అంటే మోషే ఐదు గ్రంథాలు, అనుమతించిన హద్దుల్లోనే ఉంటూ మనిషి నీచుడు కాగలడని సూటిగా అంటాడు. ఇరుగుపొరుగుల మధ్య వచ్చే ప్రతి వ్యవహారాన్నీ తోరాలో రాయడం కుదరదు కాబట్టే, సరైనదీ మంచిదీ చేయమని ద్వితీయోపదేశకాండం 6:18 మొత్తంగా చెప్పిందని ఆయన వివరణ. పొలం అమ్మేటప్పుడు పక్క పొలం వాడికి ముందు అవకాశం ఇవ్వాలని తాల్ముద్ (ప్రాచీన యూదు పండితుల చర్చల సంకలనం) పెట్టిన నియమానికి ఆ వాక్యమే ఆధారం.

జవాబు 2:
తాల్ముద్‌లో బావా మెసియా అనే భాగం, 83అ పుట చదవండి. కూలీలు ఒక పండితుడి ద్రాక్షసారా కుండ పగలగొడితే ఆయన నష్టం కింద వాళ్ల పైబట్టలు లాక్కుంటాడు. బట్టలు తిరిగిచ్చెయ్ అంటాడు రావ్ అనే మరో పండితుడు. ఇది చట్టమేనా అని కుండ యజమాని అడిగితే, అవును, మంచివాళ్ల దారిలో నడవమని సామెతల గ్రంథం చెప్పింది కదా అంటాడు రావ్. అంతలో కూలీలు, మేం పేదవాళ్లం, రోజంతా పనిచేశాం, ఆకలితో ఉన్నాం అని మొరపెట్టుకుంటే కూలి కూడా ఇమ్మంటాడు. మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అవుననే జవాబు. నాకు ఇందులో నచ్చేది ఆ 'అవును'. దయ చూపించమని బతిమాలలేదు, అదే చట్టమన్నాడు.

జవాబు 3:
కథ బాగుంది, కానీ అగూనా స్త్రీల, అంటే విడాకులు దొరక్క పెళ్లిలోనే చిక్కుకుపోయినవాళ్ల, సంగతేంటి? భర్త తన ఇష్టంతో గెట్, అంటే విడాకుల పత్రం, ఇస్తేనే భార్యకు విముక్తి. ఇవ్వకుండా ఏళ్ల తరబడి వేధించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇజ్రాయెల్‌లో 1995 చట్టం ప్రకారం అలాంటివాడి డ్రైవింగ్ లైసెన్స్ ఆపొచ్చు, జైల్లో కూడా పెట్టొచ్చు, అయినా కొందరు లొంగరు. హలాఖా పాటించడం దైవసేవ, దాన్ని మానవ నీతితో కలపొద్దని 20వ శతాబ్దపు ఇజ్రాయెల్ తత్వవేత్త లైబోవిట్జ్ వాదించాడు. ఆ మాట ఒప్పుకోవడం నా వల్ల కాదు, ఎందుకంటే నష్టపోయేది మనిషే.

జవాబు 4:
పైవారి బాధ న్యాయమైనదే. ఎదురుతిరిగిన కొడుకును రాళ్లతో కొట్టి చంపమని తోరాలో ఉంటే, దానికి ఎన్నో షరతులు పెట్టి, అలాంటి కొడుకు ఎన్నడూ లేడు, ఇక ఉండడు అనేదాకా వెళ్లారు తాల్ముద్ పండితులు. ఏడో ఏట అప్పులు రద్దవుతాయని ధనవంతులు పేదలకు అప్పివ్వడం మానేస్తే హిల్లెల్ అనే ప్రాచీన పండితుడు ప్రొజ్‌బుల్ అనే పత్రం తెచ్చాడు; దాంతో అప్పు వసూలు న్యాయస్థానం చేతికి వెళ్లి, రద్దు కాకుండా ఉంటుంది. అంత తెగువ అగూనా విషయంలో ఎందుకు లేదని అడగాల్సిందే. పెళ్లికి ముందే ఒప్పందం రాయించి, విడిపోయాక గెట్ ఇచ్చేదాకా భర్త రోజుకింత భరణం కట్టాలనే పద్ధతి అమెరికాలో చాలామంది ఆర్థడాక్స్ (సంప్రదాయ) రబ్బీలు, అంటే యూదు మతగురువులు, తెచ్చారు. సంతకం చేసినవాళ్లకు అది పనికొస్తోంది. చేయకుండా పెళ్లయిపోయినవాళ్లకు దారి ఇంకా దొరకలేదు.