రెండో పిక్: జేడెన్ డేనియల్సా, డ్రేక్ మేయా?

నోవా నాన్న (2024 ఏప్రిల్ 17)
25న డెట్రాయిట్‌లో ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్, అంటే టీములు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకోవడం. ఒక్కో వంతు ఒక పిక్. మొదటి పిక్ షికాగోది, వాళ్ళు కేలెబ్ విలియమ్స్‌ని తీసుకుంటారని ఊరంతా తెలిసిపోయింది. రెండో పిక్ మన వాషింగ్టన్‌ది, మనకి కావలసింది క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు). లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్ఎస్‌యూ) జేడెన్ డేనియల్సా, నార్త్ కరోలినా డ్రేక్ మేయా? మిషిగన్ మెకార్తీ పేరు కూడా కొందరు ఎత్తుతున్నారు. టీమ్ ప్రాక్టీస్ చేసేది మన వర్జీనియా ఆష్‌బర్న్‌లోనే కాబట్టి వచ్చేవాడు రేపు కిరాణా కొట్టులో ఎదురుపడినా పడొచ్చు. మా ఇంట్లో ఓట్లు చీలిపోయాయి: నాది మే, మావాడిది డేనియల్స్. మీ మాట కారణంతో సహా చెప్పండి.

బర్గండీ బాబాయ్
మే. ఇందులో చర్చించడానికి ఏముందో నాకు అర్థం కావట్లేదు. ఆరడుగుల నాలుగంగుళాలు, 223 పౌండ్లు, 21 ఏళ్ళు. డేనియల్స్ ఎల్ఎస్‌యూ ప్రో డే (టీముల ముందు కాలేజీ పెట్టే ప్రదర్శన) నాడు తూగింది 210. అదీ తూకం కోసం తిని ఎక్కించిందే అని నా అనుమానం. పరిగెత్తితే జారి కింద కూర్చోడు, నేరుగా వెళ్ళి గుద్దించుకుంటాడు. అలబామా మ్యాచ్‌లో తలకి దెబ్బ తగిలి బయటికి వెళ్ళాడు, చూశారుగా.

2013 జనవరి 6న సియాటిల్‌తో ప్లేఆఫ్‌కి నేను స్టేడియంలో ఉన్నాను. నాలుగో క్వార్టర్లో స్నాప్ (క్వార్టర్‌బ్యాక్‌కి వెనక్కి అందించే బంతి) నేలమీద పడింది. అప్పటి మన క్వార్టర్‌బ్యాక్ గ్రిఫిన్ అందుకోబోయాడు, కుడి మోకాలు మెలిపడిపోయింది. బంతి కళ్ళముందే దొర్లుతోంది, చెయ్యి చాపితే అందేంత దూరం. తీసుకోలేకపోయాడు. మూడు ఫస్ట్ రౌండ్ పిక్కులు, ఒక సెకండ్ రౌండ్ పిక్కు ధారపోసి తెచ్చుకున్న పిల్లాడు. ఇంకోసారి ఆ సీన్ నేను చూడలేను.

స్టెర్లింగ్ సీను
బాబాయ్, గ్రిఫిన్ మోకాలి కథ ప్రతి ఏప్రిల్‌లో వింటూనే ఉన్నాం. డేనియల్స్ నిరుటి లెక్కలు చూడండి. 12 మ్యాచ్‌లు, పాస్‌లో 3812 యార్డులు, 40 టచ్‌డౌన్లు, ఇంటర్‌సెప్షన్లు నాలుగంటే నాలుగు. పరుగులో ఇంకో 1134 యార్డులు. ఫ్లోరిడా మీద ఒక్క రాత్రిలో 372 పాస్, 234 పరుగు. కాలేజీల్లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ ఊరికే ఇవ్వలేదు. నిరుడు మన క్వార్టర్‌బ్యాక్ హవెల్ 21 ఇంటర్‌సెప్షన్లు విసిరాడు, లీగ్ మొత్తంలో ఎక్కువ. నాకు కావలసింది బంతిని అవతలివాడి చేతిలో పెట్టని క్వార్టర్‌బ్యాక్.

డాలస్ దొర
ఎవరిని తీసుకున్నా ఏడాదికి రెండుసార్లు మా డాలస్ చేతిలోనే ఓటమి. మా టీమ్ ఉండే ఫ్రిస్కో నుంచి ప్రేమతో.

బర్గండీ బాబాయ్
దొరా, 1995 సీజన్ తర్వాత మీరు ఏ లీగ్ టైటిల్ గెలిచారో చెప్పు, అప్పుడు మాట్లాడదాం.
సీనూ, 210 పౌండ్ల సంగతికి నువ్వు జవాబు చెప్పలేదు.

డాలస్ దొర
మీ ఆఖరి టైటిల్ 1991 సీజన్‌ది కదా బాబాయ్.

స్టెర్లింగ్ సీను
జవాబు ఇదిగో. డ్రాఫ్ట్‌కి ముందు లీగ్ పెట్టే పరీక్షల్లో (కంబైన్) మీ గ్రిఫిన్ ఎంత తూగాడో తెలుసా? 223. మీ మే ఎంతో సరిగ్గా అంతే. ఆ బరువు మోకాలిని కాపాడిందా?

బర్గండీ బాబాయ్
గ్రిఫిన్ ఎత్తు తక్కువ. ఎత్తుతో కలిపి చూడాలి.

స్టెర్లింగ్ సీను
ఎత్తు తక్కువై బరువు అంతే ఉందంటే ఇంకా గట్టివాడన్నమాట. అయినా విరిగింది. మీ పాయింట్ మీకే తగిలింది.

బర్గండీ బాబాయ్
210కి 223కి తేడా లేదంటావా? అవునో కాదో చెప్పు.

టార్‌హీల్ అమ్మ
నార్త్ కరోలినాలో మా అమ్మాయి చదువు పుణ్యమా అని రెండేళ్ళుగా మే ఆట దాదాపు ప్రతి వారం చూస్తున్నాను. చెయ్యి మాత్రం అద్భుతం. పిట్స్‌బర్గ్ మీద పడిపోతూ ఎడమ చేత్తో టచ్‌డౌన్ వేశాడు, ఆయన కుడిచేతి వాటం! 2022లో 38 టచ్‌డౌన్లు. నిరుడు 24కి పడిపోయాయి. రిసీవర్ (విసిరిన బంతి పట్టేవాడు) జాష్ డౌన్స్ వెళ్ళిపోవడం ఒక కారణం, అదొక్కటే కాదు. మీద ఎవరూ పడకపోయినా పాకెట్‌లో (కాపలావాళ్ళ మధ్య నిలబడే చోట) కాళ్ళు కుదురుగా ఉండవు. అప్పుడు బంతి రిసీవర్ తలమీదుగా పోతుంది. నేర్పేవాళ్ళు దొరికితే నేర్చుకుంటాడు. దొరకాలి మరి.

స్టెర్లింగ్ సీను
అప్పటికి ఒకే ఒక్క మ్యాచ్ గెలిచిన వర్జీనియా చేతిలో మీ నార్త్ కరోలినా వాళ్ళు సొంత గ్రౌండ్లో ఓడిపోయారు, అది మర్చిపోయారు అమ్మగారూ.

టార్‌హీల్ అమ్మ
మర్చిపోలేదు బాబూ. ఆ రోజు డిఫెన్స్ 31 పాయింట్లు ఇచ్చింది, అది కూడా మే తప్పేనా?

థర్డ్ అండ్ లాంగ్
మొన్న మన టీమ్ వాళ్ళు చూడ్డానికి పిలిచిన కుర్రాళ్ళందరినీ ఒకే గుంపుగా టాప్‌గోల్ఫ్ అనే గోల్ఫ్ ఆటస్థలానికి తీసుకెళ్ళారు. డేనియల్స్ వైపు వాళ్ళకి అది నచ్చలేదని వినికిడి. వాడే రానంటే మీ గొడవంతా దండగ.

బర్గండీ బాబాయ్
ఇంకో సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. డేనియల్స్ కాలేజీలో ఐదేళ్ళు ఉన్నాడు. ఆరిజోనా స్టేట్‌లో మూడు, ఎల్ఎస్‌యూలో రెండు. 22, 23 ఏళ్ళొచ్చి, నేబర్స్, బ్రయన్ థామస్ లాంటి రిసీవర్లని పక్కన పెట్టుకుని, పంతొమ్మిదేళ్ళ పిల్లల మీద ఆడితే ఎవరికైనా ఫస్టొస్తుంది. లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుని తెచ్చుకున్న ర్యాంకది. మేది మొదటిసారి రాసి కొట్టిన ర్యాంకు. సొంత తెలివికీ రుబ్బి తెచ్చుకున్నదానికీ తేడా ఉంటుంది.

స్టెర్లింగ్ సీను
రాసేముందు ఒక్క క్షణం ఆలోచించారా?

నేను లాంగ్ టర్మ్ వాణ్ణే. ఎంసెట్‌లో మొదటిసారి ర్యాంకు రాలేదు. విజయవాడ హాస్టల్లో గదికి ఎనిమిదిమంది, తెల్లారకముందే స్టడీ అవర్, మధ్యాహ్నం నీళ్ళచారు. రెండోసారి సీటు కొట్టాను. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఒక పెద్దాయన "వీడు లాంగ్ టర్మ్ బ్యాచ్" అని పరిచయం చేస్తాడు, పక్కన మా ఆవిడ ఉన్నా సరే. కష్టపడి నేర్చుకున్నదానికి విలువ లేదా? మొదటి ఏడు మామూలుగా ఆడినవాడు ఐదో ఏడు హైస్మన్ కొట్టాడంటే, తప్పులు ఏమిటో తెలుసుకుని దిద్దుకున్నాడని అర్థం.

"సొంత తెలివి" సంగతి కూడా చెప్తాను వినండి. మా ఆఫీసులో పొటెన్షియల్ ఉందని ఒకణ్ణి తెచ్చి నా పైన కూర్చోబెట్టారు. వాడికి పని నేర్పింది నేను. రివ్యూలో "మీరు స్టేబుల్ పెర్ఫార్మర్" అని నాకు ఒక ముక్క రాసి పంపారు. పొటెన్షియల్ అన్న మాట వింటేనే ఒళ్ళు మండుతుంది.

థర్డ్ అండ్ లాంగ్
డ్రాఫ్ట్ అనుకుని వచ్చాను, పంచాయతీ అని తెలీదు.

బర్గండీ బాబాయ్
నిన్ను అన్నానా? క్వార్టర్‌బ్యాక్ గురించి మాట్లాడుతుంటే నీ ర్యాంకెందుకు వచ్చింది మధ్యలో?

స్టెర్లింగ్ సీను
తెచ్చింది మీరు. నీళ్ళచారు తిన్నది నేను.

మోడరేటర్
ఇద్దరూ కాస్త తగ్గండి. వ్యక్తిగత విషయాలు వద్దు. ఇంకోసారి అయితే థ్రెడ్ మూసేస్తాను.

బర్గండీ బాబాయ్
సరే, సూటిగా చెప్తాను. డేనియల్స్ ఆట నాకు ఇష్టమే. మన లైన్ (క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే వరస) వెనక వాణ్ణి నిలబెట్టడమే ఇష్టం లేదు. నిరుడు హవెల్‌ని 65 సార్లు పడేశారు, లీగ్‌లో ఇంకెవరినీ అన్నిసార్లు పడెయ్యలేదు. లెఫ్ట్ టాకిల్ లెనోని మార్చిలో వదిలేశారు. సెంటర్ బియాడాష్‌ని తెచ్చారు, గార్డ్ అలెగ్రెటీని తెచ్చారు, సంతోషం. క్వార్టర్‌బ్యాక్‌కి కనపడని వైపు కాసేవాడు ఎవరు? మే అయితే ఇప్పుడున్న క్వార్టర్‌బ్యాక్ మారియోటా వెనక ఒక ఏడాది కూర్చోబెట్టొచ్చు. ఈలోపు లైన్ కుదురుతుంది, కాళ్ళూ కుదురుతాయి. మహోమ్స్ అంతటివాడు కాన్సస్ సిటీలో అలెక్స్ స్మిత్ వెనక ఏడాది కూర్చున్నాడు.

స్టెర్లింగ్ సీను
అక్కడ కోచ్ ఆండీ రీడ్ ఉన్నాడు. ఇక్కడ? 2017 నుంచి 2023 దాకా సీజన్ మొదటి మ్యాచ్ ఆడించిన క్వార్టర్‌బ్యాక్‌ల పేర్లు చదవండి: కజిన్స్, స్మిత్, కీనమ్, హాస్కిన్స్, ఫిట్జ్‌పాట్రిక్, వెంట్జ్, హవెల్. ఏడు సీజన్లు, ఏడుగురు. హాస్కిన్స్‌ని 2019లో ఫస్ట్ రౌండ్లో తెచ్చి, రెండో సీజన్ పూర్తికాకముందే పంపించేశారు. అతనికీ టైం ఇవ్వాలనే అన్నారు అప్పుడు. ఈ టీమ్ దగ్గర నేర్చుకోవడానికి ఎవరూ రాకూడదు. నేర్చుకుని రావాలి. అందుకే డేనియల్స్.

థర్డ్ అండ్ లాంగ్
ఇప్పటికి అర్థమైంది. బాబాయ్‌కి టీమ్ మీద నమ్మకం లేదు, కానీ టీమ్ ఓపికగా నేర్పాల్సిన కుర్రాణ్ణి అడుగుతున్నాడు. సీనుకీ టీమ్ మీద నమ్మకం లేదు, కానీ టీమ్ ఒళ్ళు కాపాడాల్సిన కుర్రాణ్ణి అడుగుతున్నాడు.

నోవా నాన్న
ఓనర్ మారాడు కదండీ. హారిస్ 605 కోట్ల డాలర్లు పోసి కొన్నాడు. జనరల్ మేనేజర్ పీటర్స్ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చాడు. పాత టీమ్ తప్పులకి కొత్తవాళ్ళని ఎందుకు అనడం?

బర్గండీ బాబాయ్
ఓనర్ మారితే లెఫ్ట్ టాకిల్ పుట్టుకొస్తాడా?

టార్‌హీల్ అమ్మ
కోచ్ క్వినేమో డిఫెన్స్ మనిషి. ఆఫెన్స్ నడిపేది కింగ్స్‌బరీ. టెక్సాస్ టెక్‌లో మహోమ్స్‌ని, ఆరిజోనాలో కైలర్ మర్రీని ఆడించినాయన. పరిగెత్తే కుర్రాడైతే ఆయనకి చేతికి అందినట్టే. నాకు మే అంటే ఇష్టం, అయినా ఈ టీమ్‌కి డేనియల్సే వస్తాడనిపిస్తోంది.

బర్గండీ బాబాయ్
మర్రీకీ మోకాలు పోయింది అమ్మా. 2022లో, అదే కింగ్స్‌బరీ దగ్గర.

స్టెర్లింగ్ సీను
ఎవరూ తగలకుండానే పోయింది బాబాయ్. 210 ఉన్నా 310 ఉన్నా పోయేదే. రెండో రౌండ్లో 36, 40 రెండు పిక్కులున్నాయి మనకి, ఒకటి టాకిల్‌కి వాడతారు. సరేనా?

బర్గండీ బాబాయ్
ముందు ఆ టాకిల్‌ని తీసుకోమను. అప్పుడు డేనియల్స్‌కి ఒప్పుకుంటాను.

స్టెర్లింగ్ సీను
రెండో పిక్ కంటే ముందు ముప్ఫైయారో పిక్ ఎలా వస్తుంది బాబాయ్?

బర్గండీ బాబాయ్
అది నాకు అనవసరం.